డొమైన్లు ఎక్కువైతే రెన్యూవల్ తేదీలు ఎలా చూసుకుంటున్నారు?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
అందరికీ నమస్కారం. నేను చిన్న షాపులకు, స్కూళ్లకు వెబ్‌సైట్లు చేసి ఇస్తుంటాను. ఇప్పుడు నా చేతిలో 31 డొమైన్లు (వెబ్‌సైట్ పేర్లు) ఉన్నాయి. ఎప్పుడు ఏ ఆఫర్ ఉంటే అక్కడ కొన్నాను కాబట్టి నాలుగు రిజిస్ట్రార్ల (డొమైన్లు అమ్మే కంపెనీల) దగ్గర చెల్లాచెదురుగా ఉన్నాయి.

పోయిన శ్రావణంలో ధర్మవరం పట్టుచీరల షాపాయన సైట్ ఆగిపోయింది. వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది రోజులే ఉంది. "ఏం నాయనా, మన పేరు కొడితే ఎవరివో యాడ్లు వస్తున్నాయి" అని ఆయన ఫోన్ చేశాడు. వెంటనే లుకప్‌లో (డొమైన్ వివరాలు చూపించే పేజీలో) చూశాను. గడువు వచ్చే ఏడాది దాకా ఉన్నట్టు చూపించింది. అది చూసి, డబ్బు కట్టేశామనుకుని, తప్పు సర్వర్‌ది అనుకుని నాలుగు రోజులు అక్కడే వెతికాను. అసలు సంగతి తెలిసేసరికి డొమైన్ రిడెంప్షన్‌లోకి (తొలగించిన పేరును ఎక్కువ డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకునే దశలోకి) వెళ్లింది. మామూలు రేటుకు దాదాపు పదింతలు కట్టి వెనక్కి తెచ్చాను. డబ్బు నేనే పెట్టుకున్నాను. కానీ ఆయనకు పోయిన పండగ బేరం తిరిగి రాలేదు కదా. ఆ బాధ ఇంకా ఉంది. మీరంతా ఎలా మేనేజ్ చేస్తున్నారో చెప్పండి.

చీనీతోట (అనంతపురం):
అన్నా, మీరు పడిన గుంతలో నేనూ పడ్డాను. డాట్ కామ్ గడువు తీరిన రోజున రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నిటి అసలు రికార్డు ఉంచే సంస్థ) దాన్ని దానంతటదే ఒక ఏడాది పొడిగిస్తుంది. మనం రిజిస్ట్రార్‌కు పైసా కట్టకపోయినా సరే. అందుకే లుకప్‌లో వచ్చే ఏడాది తేదీ కనిపిస్తుంది. రిజిస్ట్రార్ ఆ పేరును 45 రోజుల్లోపు తొలగిస్తే, ఆ పొడిగింపుకు రిజిస్ట్రీ తీసుకున్న డబ్బు వాళ్లకు తిరిగొస్తుంది.

కాబట్టి తేదీ ఒక్కటే చూడొద్దు, కింద స్టేటస్ వరస చూడండి. 'ఆటో రెన్యూ పీరియడ్' అని ఉంటే డబ్బు కట్టారో లేదో రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి చూసుకోవాల్సిందే. సాధారణంగా ఆ దశలో మామూలు రేటుకే ఇస్తారు, కానీ ఎన్ని రోజులు ఆగుతారన్నది ఒక్కో రిజిస్ట్రార్‌ది ఒక్కో లెక్క. తొలగించాక రిడెంప్షన్ 30 రోజులు, మీరు పదింతలు కట్టింది అక్కడే. అదీ దాటితే 'పెండింగ్ డిలీట్' 5 రోజులు. ఆ ఐదు రోజుల్లో ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. ఆ తర్వాత ఎవరు ముందు కొంటే వాళ్లదే.

గండికోట_లోయ (కడప):
రిమైండర్లు రాలేదా? ఐకాన్ (ICANN, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) నియమం ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, తీరాక ఐదు రోజుల్లోపు ఇంకోటి పంపాలి కదా.

తుంగభద్ర_గట్టు:
వచ్చాయి బ్రదర్. ఆ ఖాతాకు ఇచ్చిన మెయిల్ కూడా అదే డొమైన్ మీద ఉంది. ఆ ఇన్‌బాక్స్ ఎవరూ తెరవడం లేదు. గడువు తీరాక మెయిల్ కూడా ఆగింది, పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఓటీపీ కూడా అక్కడికే పోతోంది.

గండికోట_లోయ:
ఇది మాత్రం అందరూ ఈరోజే సరిచేసుకోండి. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు అది. రిజిస్ట్రార్ ఖాతాకు ఆ డొమైన్‌తో సంబంధం లేని మెయిల్ ఇవ్వండి, రోజూ చూసేదై ఉండాలి.

నేను 18 డొమైన్లకు ఒక్కటే షీట్ పెట్టుకున్నాను. పేరు, ఏ రిజిస్ట్రార్, ఏ మెయిల్‌తో లాగిన్, డొమైన్ ఎవరి పేరున ఉంది, ఏ కార్డు, గడువు, ఆ క్లయింట్ డబ్బు ఇచ్చాడా లేదా. పాస్‌వర్డ్‌లు అందులో రాయను. గడువుకు 60 రోజుల ముందు క్లయింట్‌కు వాట్సాప్‌లో చెప్తాను, 30 రోజులకు ఫోన్ చేస్తాను, 15 రోజులకు వాళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా కట్టేస్తాను. ఆ డబ్బు తర్వాత వసూలు చేసుకోవచ్చు.

నగలషాపు_లెక్కలు (ప్రొద్దుటూరు):
నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. మా షాపు సైట్ చేసినబ్బాయి డొమైన్ తన పేరు మీదే, తన మెయిల్‌తోనే తీసుకున్నాడు. తర్వాత ఉద్యోగానికి బెంగళూరు వెళ్లి నంబర్ మార్చేశాడు. మంచి పిల్లోడే, మోసం చేయాలనేం కాదు. కానీ అతన్ని పట్టుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ అద్దె) బిల్లు మేమే కడుతున్నాం కాబట్టి డొమైన్ కూడా అందులోనే ఉందనుకున్నాం. స్థలం పన్ను వేరు, కరెంటు బిల్లు వేరు అన్నట్టు ఇవి రెండూ వేరని మాకెవరూ చెప్పలేదు. దయచేసి డొమైన్ ఓనరు పేరున తీసుకోండి, మీకు చూసుకునే అనుమతి మాత్రం ఉంచుకోండి.

తుంగభద్ర_గట్టు:
అక్కా, మీరు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నా 31లో 19 నా పేరునే ఉన్నాయి. మార్చేస్తాను.

బురుజు_పక్కన (కర్నూలు):
ఆటో రెన్యూ ఆన్ చేసి నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక మాట. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నియమాలతో కార్డు మీద ఆటోమేటిక్ కోతలకు ఈ-మాండేట్ (మనం ముందే ఇచ్చే అనుమతి) ఉండాలి. అది లేకపోతే కోత పడదు, బయటి దేశం రిజిస్ట్రార్ల దగ్గర నాకు రెండుసార్లు అలాగే ఫెయిలైంది. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినా అంతే. నేనైతే ముఖ్యమైనవాటికి ఐదేళ్లకు ఒకేసారి కట్టేస్తాను. డాట్ కామ్‌కు పదేళ్ల దాకా కట్టొచ్చు.

చీనీతోట:
ఇంకోటి. 'మీ డొమైన్ గడువు ముగుస్తోంది' అంటూ వచ్చే మెయిళ్లలో దొంగవి చాలా ఉంటాయి. బిల్లులాగే కనిపిస్తుంది, చదివితే రిజిస్ట్రార్ మార్పిడో, పనికిరాని లిస్టింగో ఉంటుంది. అందులోని లింక్ నొక్కకుండా మన ఖాతాలోకి మనమే వెళ్లి కట్టాలి.

తెలుగుపేరు (అనంతపురం):
దానికి సరిగ్గా తిరగబడింది నా కథ. తెలుగు లిపిలో డాట్ భారత్ పేరు ఒకటి తీసుకున్నాను, చాలా ఇష్టంగా. రెన్యూవల్ మెయిల్‌లో తెలుగు పేరు లేదు, 'ఎక్స్ఎన్' తర్వాత రెండు గీతలు, ఆపైన అర్థంకాని అక్షరాలు. దొంగ మెయిల్ అనుకుని తీసేశాను. నిజానికి లోపల అన్ని తెలుగు పేర్లూ అలాగే నమోదవుతాయట. అదృష్టం కొద్దీ రెండో మెయిల్‌కు అనుమానమొచ్చి అడిగాను. తెలుగు డొమైన్లున్నవాళ్లు షీట్‌లో రెండు రూపాలూ రాసుకోండి.

తుంగభద్ర_గట్టు:
అన్నీ ఒకే రిజిస్ట్రార్‌కు మార్చడం మంచిదంటారా?

గండికోట_లోయ:
మంచిదే, కానీ ఒకేసారి వద్దు. కొత్తగా కొన్న పేరు సాధారణంగా 60 రోజులు కదలదు, ఓనరు వివరాలు మార్చినా కొన్నిచోట్ల అంతే ఆపుతారు. డాట్ కామ్ మారిస్తే ఒక ఏడాది కలిసొస్తుంది కాబట్టి డబ్బు వృథా కాదు. గడువుకు రెండు నెలల ముందున్నవాటితో మొదలుపెట్టండి. మీ 19కీ ముందు మార్పిడి, ఆ తర్వాతే ఓనరు పేరు.

తుంగభద్ర_గట్టు:
ఈ ఆదివారమంతా కూర్చుని షీట్ పూర్తి చేశాను. రెండు డొమైన్లు ఎక్కడ కొన్నానో నాకే గుర్తులేదు, పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి కనుక్కున్నాను. ధర్మవరం ఆయనది ఐదేళ్లకు కట్టాను. ఖాతాను వాళ్లమ్మాయి మెయిల్‌కు మార్చాను, షాపు లెక్కలన్నీ ఆమే చూస్తుంది. నా పేరున ఉన్న 19లో మిగతా 18 మందికి రేపటి నుంచి ఫోన్లు మొదలు.