రెస్టారెంట్ గోడకు నియాన్ బోర్డు: గాజు గొట్టమా, ఎల్‌ఈడీనా?

ప్రశ్న: మా రెస్టారెంట్ లోపలి గోడపై పేరును చేతిరాత అక్షరాలతో వెలిగే నియాన్ బోర్డుగా చేయించాలనుకుంటున్నాము. అసలైన గాజు గొట్టాలు మేలా, లేక ఎల్‌ఈడీ నియాన్ ఫ్లెక్స్ (వంగే తొడుగులో ఎల్‌ఈడీ దీపాల పట్టీ అమర్చినది) మేలా?

మొదటి సమాధానం: గాజు గొట్టపు వెలుగులోని మెత్తదనం ఎల్‌ఈడీకి రాదన్నది నా అభిప్రాయం. అయితే నియాన్ వాయువు ఎరుపు కలిసిన నారింజ రంగులోనే వెలుగుతుంది కనుక, నీలం కావాలంటే సాధారణంగా ఆర్గాన్‌తో పాటు కొద్దిగా పాదరసం నింపుతారు. పైగా ఆ గొట్టాలకు వేల వోల్టులు అందించే ట్రాన్స్‌ఫార్మర్ అవసరం కాబట్టి, భోజనానికి కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో వాటిని బిగించకూడదు.

రెండో సమాధానం: నేను ఎల్‌ఈడీనే సూచిస్తాను. అది సాధారణంగా 12 లేదా 24 వోల్టులతో పనిచేస్తుంది. ఫ్లెక్స్‌ను గుర్తు ఉన్న చోటనే కత్తిరించాలి. మలుపులు మరీ ఇరుకైతే లోపలి పట్టీ దెబ్బతింటుంది కనుక, డిజైన్‌ను అసలు కొలతలో కాగితంపై ముద్రించి, గోడకు అంటించి చూసుకున్న తరువాతే తయారీకి ఇవ్వండి. మేము ఆ పని చేయనందువల్ల మా చివరి అక్షరం ఏసీ చాటున పడింది!

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. పవర్ సప్లైను బోర్డు వెనుకనే మూసివేయవచ్చా?

రెండో సమాధానం ఇచ్చినవారు: వద్దు. అది వేడెక్కుతుంది; గాలి ఆడే చోట, మరమ్మతుకు చేయి పెట్టగలిగేలా ఉంచండి.