లాంగ్ రన్ చేసిన రాత్రి పిక్క పట్టేస్తోంది, మెగ్నీషియం మాత్రలు మొదలుపెట్టాలా?

ఆదివారం పరుగు:
అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు. ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ పరిగెత్తాలని మార్చి నుంచి ప్రాక్టీస్ చేస్తున్నా. మామూలు రోజుల్లో 5, 6 కిలోమీటర్లకు ఏ ఇబ్బందీ లేదు గానీ, ఆదివారం 14 దాటితే చాలు, ఆ రాత్రి రెండింటికి ఎడమ పిక్క ఉండ కట్టేస్తుంది, పట్టుకుంటే రాయిలా ఉంటుంది, మంచం దిగి గోడ పట్టుకుని కాసేపు నిలబడితే గానీ వదలదు, మర్నాడంతా కుంటుతూనే ఆఫీసుకి. జిమ్‌లో కోచ్ మెగ్నీషియం తక్కువై ఉంటుంది, గ్లైసినేట్ (మెగ్నీషియం మాత్రల్లో ఒక రకం) వేసుకో అన్నాడు. డబ్బా కొన్నా, ఇంకా మూత తీయలేదు. బ్లడ్ టెస్ట్‌లో మెగ్నీషియం 2.0 వచ్చింది, నార్మలే అన్నారు. మరి వేసుకోవాలా వద్దా?

తెల్లారి5గంటలు:
అన్నా, నేను ఎనిమిది నెలలు వేసుకున్నా, నా పిక్కలకు తేడా ఏమీ రాలేదు. కోక్రేన్ అని, వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ వాళ్లు 2020లో ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూస్తే, రాత్రిళ్లు పిక్కలు పట్టే పెద్ద వయసు వాళ్లకే మెగ్నీషియంతో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు, ఇక వ్యాయామం వల్ల పట్టే పిక్కల మీద సరైన ట్రయల్ ఒక్కటీ దొరకలేదు. నాకు పనిచేసింది వేరే. దూరం మెల్లగా పెంచడం, వారానికి మూడు రోజులు మెట్టు అంచున నిలబడి మడమ పైకెత్తి దించడం. నీ పిక్క ఆ దూరానికి ఇంకా అలవాటు పడలేదు, అలిసిపోతోంది అంతే. పట్టినప్పుడు మాత్రం మోకాలు చాచి కాలి వేళ్లు నీ వైపు లాక్కో, త్వరగా వదులుతుంది.

రాగిసంకటి:
పై మాట నిజమే గానీ, దాన్నిబట్టి మెగ్నీషియం అక్కర్లేదనుకోకండి. నేను డైటీషియన్‌ని, ఇది చెప్పకుండా ఉండలేను. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ మెగ్నీషియంతో కలిస్తేనే పనిచేస్తుంది. కాల్షియం వల్ల కండరం బిగుస్తుంది, తిరిగి వదులవడానికి ఆ కాల్షియాన్ని లోపలికి తోడే పంపు నడిచేదీ ఆ ఏటీపీతోనే. ఒంట్లో ఉండేది సుమారు 25 గ్రాములు, సగానికి పైగా ఎముకల్లో, మిగతాది చాలావరకు కండరాల్లో ఉంటుంది, రక్తంలో ఒక్క శాతం కూడా ఉండదు. అందుకే మీ 2.0 చూసి అంతా బాగుందనీ చెప్పలేం, లోపం ఉందనీ చెప్పలేం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2020 లెక్కలో మగవాళ్లకు రోజుకు 440 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 370. మూడు పూటలా పాలిష్ బియ్యమే తింటే అంత రాదు, తవుడుతోనే చాలా మెగ్నీషియం పోతుంది. రాగులు, జొన్నలు, నువ్వులు, వేరుశెనగలు, తోటకూర, పప్పులు తినండి. గుమ్మడి గింజలు 30 గ్రాములు తింటేనే 150 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. మాత్రలే కావాలంటే డబ్బా వెనక ఎలిమెంటల్ (అంటే అందులోని అసలు మెగ్నీషియం) అని ఎంత రాశారో చూడండి. ఆక్సైడ్ రకం తక్కువ ఒంటపడుతుంది, విరేచనాలు చేస్తుంది. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడగకుండా అస్సలు ముట్టుకోవద్దు.

విశాఖ_అమ్మమ్మ:
బాబూ, నాకు 63. పరుగులు లేవు, బీచ్ రోడ్డులో నడక మాత్రమే, అయినా రాత్రిళ్లు రెండు కాళ్లూ పట్టేసేవి, చేతులు వణికేవి. గ్యాస్‌కని పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వేసుకున్నా, ఎవరూ ఆపమనలేదు, నేనూ అడగలేదు. చివరికి ఓ డాక్టరమ్మ టెస్ట్ రాస్తే మెగ్నీషియం 1.1 వచ్చింది, బాగా తక్కువ. ఆ మాత్ర చాలా కాలం వాడితే కొంతమందికి మెగ్నీషియం పడిపోతుందట, బీపీకి ఇచ్చే నీళ్ల మాత్రలతో, షుగర్‌తో కూడా పోతుందట. గ్యాస్ మాత్ర మార్చి మెగ్నీషియం ఇచ్చారు, నెలలో కాళ్లు కుదుటపడ్డాయి. మీరు ఇలాంటివేమైనా వాడుతున్నారా?

ఆదివారం పరుగు:
అందరికీ థాంక్స్. డబ్బా తిప్పి చూశా, ముందు పెద్ద అక్షరాలతో 500, వెనక చిన్నగా ఎలిమెంటల్ 70. అది పక్కన పెట్టేశా, ఈ వారం 11 కిలోమీటర్లకు తగ్గి మెట్టు వ్యాయామం మొదలుపెడతా. అమ్మా, నేను ఏ మాత్రా వాడను, కానీ మా నాన్నగారు ఆరేళ్లుగా పొద్దున్నే పాంటాప్రజోల్ వేసుకుంటున్నారు, కాళ్లు లాగుతున్నాయంటే వయసేలే అనుకునేవాళ్లం. రేపు ఆయన్ని టెస్ట్‌కి తీసుకెళ్తున్నా, రిపోర్ట్ రాగానే ఇక్కడ రాస్తా.