దినాఁ చర్చి మోడల్: వెనకున్న కొండ ఎలా చేయాలి?

ప్రశ్న (మాసబ్ ట్యాంక్ నుంచి)
బెల్జియంలో మ్యూజ్ నది ఒడ్డున దినాఁ ఊళ్లో, కొండ కిందే కట్టిన నోత్ర్ దామ్ చర్చిని 1:200 స్కేలులో చేస్తున్నాం. చర్చి మౌంట్ బోర్డుతో అయిపోతుంది, చిక్కంతా కొండతోనే. థర్మాకోల్ మీద స్ప్రే పెయింట్ కొడితే గుంటలు పడింది. చూడ్డానికేమో గోల్కొండ గుట్టలా ఉంది. ఎంత ఎత్తు పెట్టాలి? ఏ రంగు వేయాలి?

రాతిపని (జవాబు)
గుంటలు పడింది స్ప్రేలోని సాల్వెంట్ వల్ల. అది థర్మాకోల్‌ను తినేస్తుంది. ముందు ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి టిష్యూ కాగితం రెండు పొరలు అంటించండి. ఆరాక వాల్ పుట్టీ పలచగా రాయండి, మందంగా రాస్తే బీటలు తీస్తుంది. రంగు మాత్రం నీటిరంగే.

గుట్టలా కనిపించడానికి కారణం ఆకారమండీ. మన హైదరాబాద్ గ్రానైట్ ఉల్లిపొరల్లా ఊడి గుండ్రంగా తేలుతుంది. దినాఁది సున్నపురాయి, పొరలు పొరలుగా పేరుకుని ఆపైన మడతపడింది. ఊరి చివర బయార్ బండ దగ్గర ఆ పొరలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. అంచులు కోసినట్టుండాలి, ఎక్కడా గుండ్రం రాకూడదు. రంగుకి తాండూరు బండ ముక్క ఒకటి పక్కన పెట్టుకోండి. అదీ సున్నపురాయే. ఆ బూడిదరంగులో కొంచెం తెలుపు కలిపితే చాలు.

కొలబద్ద (ఇంకో జవాబు)
ఆ కొండ మీది కోట నదికి దాదాపు 100 మీటర్ల పైన ఉంది. 1:200లో 50 సెంటీమీటర్లు, అంటే 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ షీట్లు 20. అందరూ తప్పు చేసేది ఇక్కడే: చర్చి బాగా కనిపించాలని కొండను తగ్గించేస్తారు. మెదక్ చర్చి గోపురం 175 అడుగులు. దాన్ని తెచ్చి అక్కడ నిలబెట్టినా కొండలో సగానికి కాస్త పైకే వస్తుంది. ఆ బరువు చర్చి నెత్తిన కనిపించకపోతే మోడల్‌కి ప్రాణం లేదు.

చర్చి పక్కనుంచి కోటకి 408 మెట్లు. మెట్టుకి మిల్లీమీటరు చిల్లర పడుతుంది, విడివిడిగా కోయొద్దు. సన్నని అట్ట మీద కట్టర్ మొనతో గీతలు గీస్తే సరిపోతుంది.

ఏ సంవత్సరం చూపిస్తున్నారో ముందు తేల్చుకోండి. ఇప్పుడున్న కోట 1815 తర్వాత డచ్చి పాలనలో కట్టింది. మధ్యయుగపు ఊరు చూపిస్తూ పైన ఈ కోట పెడితే తప్పే.

ప్రశ్న అడిగినవారు
మరి చర్చికీ కొండకీ మధ్య సందు ఎంత వదలాలండీ?

రాతిపని
దాదాపు ఏమీ వదలొద్దు. ముందు నది, వెనక బండ, మధ్యలో ఊరికి దక్కింది సన్నని పట్టీ. 1227లో కొండచరియ విరిగిపడి పాత రోమనెస్క్ (గుండ్రటి కమానుల శైలి) చర్చి కూలింది. మళ్లీ అక్కడే గోథిక్ (మొనదేలిన కమానుల) శైలిలో కట్టారు. సున్నపురాయి పగుళ్లలో నీరు చేరి గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఏటేటా అలా పగులు వెడల్పై చివరికి చరియ విడిపోతుంది. అలాంటి రాయి కాబట్టి ముఖం నున్నగా చేయకండి, నిలువు పగుళ్లు గీరండి.

పాత చర్చిలో మిగిలింది ఉత్తర ద్వారం. దాని కమాను గుండ్రంగా ఉండాలి, మిగతావన్నీ మొనదేలి. లేజర్ కటింగ్‌కి ఇచ్చేటప్పుడు ఒకే కమాను కాపీ చేసి అన్నిచోట్లా పెట్టేస్తారు, ఫైలు పంపేముందు ఆ ఒక్క ద్వారం విడిగా చూసుకోండి.

కొలబద్ద
ముఖభాగం మీది ఉల్లిగడ్డ శిఖరం 16వ శతాబ్దంది. 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం 674 మంది పౌరుల్ని చంపి ఊరు తగలబెట్టినప్పుడు చర్చి కూడా కాలింది, తర్వాత మళ్లీ కట్టారు. శిఖరాన్ని బంతి కోసి చేయొద్దు, నడుం రాదు. 8 అట్ట పక్కటెముకలు నిలబెట్టి సన్నని కాగితపు పట్టీలు అంటించండి. పైకప్పు పలకరాయి కాబట్టి నలుపు వేయండి, కానీ మెరుపు లేకుండా.