అప్‌డేట్: డ్యూటీ అప్పగింతలో విషయాలు తప్పిపోవడం – ఏది పనిచేసిందంటే

వరంగల్‌లో మా దగ్గర శిక్షణ పొందుతున్న జనరల్ మెడిసిన్ మొదటి సంవత్సరం పీజీలు రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు ముఖ్యమైన విషయాలు వదిలేస్తున్నారని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీలో ఇద్దరు చెప్పిన ఐ-పాస్ పద్ధతి (డ్యూటీ అప్పగించేటప్పుడు ఐదు అంశాలను వరుసగా పాటించడం) పనిచేసింది. రోగి ఎంత విషమంగా ఉన్నారు, క్లుప్తంగా కేసు, చేయవలసిన పనులు, రాత్రి ఏమి జరగవచ్చు, జరిగితే ఏమి చేయాలి అన్నవి చెప్పడం మావాళ్లు త్వరగానే నేర్చుకున్నారు గానీ, అసలు మార్పు విన్నవారు తాము విన్నదాన్ని తిరిగి చెప్పాలన్న చివరి అంశంతోనే వచ్చింది. జనగామ నుంచి డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో (షుగర్ వ్యాధిలో ఇన్సులిన్ కొరత వల్ల రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) వచ్చిన ఒక రోగి గురించి "పొటాషియం రిపోర్టు రావాలి" అని సీనియర్ చెప్పగా, డ్యూటీ తీసుకుంటున్న అమ్మాయి "అది చూశాకే ఇన్సులిన్ మొదలుపెట్టాలి కదా సార్" అని తిరిగి అడిగింది. రిపోర్టులో 2.9 వచ్చింది, అంటే బాగా తక్కువ; ఇన్సులిన్ ఇస్తే అది ఇంకా పడిపోతుంది. ముందు పొటాషియం ఎక్కించి, అది పెరిగాకే ఇన్సులిన్ ఇచ్చారు. ఆ ప్రశ్న వినగానే నాకు ఎంతో సంతోషం కలిగింది.

డ్యూటీ గంటలే కారణమని నేను గట్టిగా నమ్మాను. డ్యూటీ పట్టిక మార్చకుండానే పరిస్థితి మెరుగుపడింది. అప్పగింత కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపు వల్ల ప్రయోజనం కనబడలేదు. అయితే మొదటి రెండు వారాలు ఫ్యాకల్టీ ఒకరు పక్కనే నిలబడి వినాలి, లేకపోతే ఇది కాగితం నింపడంగానే మిగిలిపోతుంది.