తునికాకును గ్రామసభే అమ్ముకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ములుగు జిల్లాలో అడవిని ఆనుకున్న ఊరు. ఎండాకాలంలో మా ఇళ్లకు చేతిలో డబ్బు కనిపించేది బీడీలు చుట్టే తునికాకుతోనే. తెల్లారకముందే అడవికి పోయి, పొద్దెక్కేసరికి తిరిగొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకులకో కట్ట కట్టి సాయంత్రానికి ఆకు కొని ఆరబెట్టే కల్లానికి చేరుస్తాం. అలాంటి కట్టలు 1000 అయితే ఒక స్టాండర్డ్ బ్యాగు.

కొన్నేళ్లుగా ఈ పని మీద నమ్మకం సడలుతోంది. బీడీలు తాగేవాళ్లు తగ్గుతున్నారు, ఆకు అమ్మకానికి అటవీ శాఖ పిలిచే టెండర్లకు వ్యాపారులు వెనకాడుతున్నారు. టెండరు ఆలస్యమైతే కొమ్మకొట్టుడు (లేత ఆకు రావడానికి తునికి పొదలు నరకడం) కూడా ఆలస్యం, అప్పుడు ఆకు ముదిరి పనికిరాదు. కల్లంలో ఆరబోశాక గాలివాన వస్తే ఇక చెప్పేదేముంది! ఆకు అమ్మిన లాభంలో మాకు రావాల్సిన బోనస్ ఎప్పుడొస్తుందో తెలియదు.

2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లోనే, అంటే అడవిని నమ్ముకున్నవాళ్లు సేకరించి అమ్ముకోగలిగేవాటిలోనే చేర్చింది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో గ్రామసభలు సొంతంగా వేలం పెట్టి అమ్ముకుంటున్నాయి. మనవైపు ఏ ఊరైనా అలా చేసిందా? ఆ చట్టం కింద ఊరందరికీ కలిపి ఇచ్చే సామూహిక హక్కు పత్రం లేకుండా, పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద గ్రామసభ తీర్మానం ఒక్కటే సరిపోతుందా? రవాణా పర్మిట్ ఎవరివ్వాలి? కొనేవాడు మధ్యలో చేతులెత్తేయకుండా ఒప్పందంలో ఏం రాయించుకోవాలి? అన్నిటికంటే ఇదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

ఈ పని స్వయంగా చేసినవాళ్లు, అటవీ శాఖలో పనిచేసినవాళ్లు ఎవరున్నా దయచేసి చెప్పండి. కొమ్మకొట్టుడు మొదలయ్యేలోపు గ్రామసభలో ఈ మాట పెట్టాలనుకుంటున్నాను.