అప్‌డేట్: వీడియో చూస్తున్నారు, మ్యాప్ మాత్రం నొక్కట్లేదు
"వీడియోకి వ్యూస్ వస్తున్నాయి, దారి కోసం ఒక్కరూ నొక్కట్లేదు, ఎందుకు?" అని మా వ్యాపారం వీడియో గురించి ఇంతకుముందు అడిగాను. తప్పు నాదే. మ్యాప్ లింకు వీడియో కింది వివరణలో అట్టడుగున పెట్టాను. ఫోన్‌లో అది విప్పితేగానీ కనబడదు. మొదటి లైన్‌కి మార్చాను.

అడ్డంగా తీసిన పాత వీడియో పక్కనపెట్టి, నిలువుగా 25 సెకన్లది తీశాను: రోడ్డు మలుపు, బోర్డు, మెట్లు, తలుపు. చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు కాబట్టి మాటలన్నీ తెరమీద అక్షరాల్లో వేశాను. గూగుల్ మ్యాప్స్ ప్రొఫైల్‌లోనూ అదే పెట్టాను. అక్కడ 30 సెకన్లు, 75 ఎంబీ దాటకూడదు. నేను 4కేలో (చాలా ఎక్కువ క్లారిటీతో) తీసి, సైజు తగ్గించలేక ఒక రాత్రంతా తంటాలు పడ్డాను!

అన్నట్టు, మ్యాప్‌లో మా చోటు చూపే గుర్తు (పిన్) వెనక సందులో పడి ఉంది. అది సరిచేశాక "ఎక్కడండీ మీరు?" అనే ఫోన్లు తగ్గాయి. మ్యాప్‌లో దారి కోసం నొక్కేవాళ్ల లెక్క ఇప్పుడిప్పుడే కదులుతోంది.