ఐదో నెల గర్భంలో రొమ్ము క్యాన్సర్: కీమో మొదలుపెడితే బిడ్డకు ఏమవుతుంది?

ప్రశ్న
తల్లి వయసు 29, గర్భం 20 వారాలు. రొమ్ములో గడ్డకు బయాప్సీ చేస్తే హెర్2 పాజిటివ్ (కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం) క్యాన్సర్ అని వచ్చింది. ఇప్పుడే కీమో మొదలుపెడదామని ఆంకాలజిస్టు అంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "ఏడో నెల రాగానే ఆపరేషన్ చేసి బిడ్డను తీసేయండి, మందుల సంగతి ఆ తర్వాత" అంటున్నారు. ఏది మేలు? పుట్టాక ఏం చూపించాలి? పాలు పట్టవచ్చా? ఈ జబ్బు బిడ్డకూ వస్తుందా?

జవాబు 1
ఏడో నెలలో తీసేయడమే బిడ్డకు ఎక్కువ చేటండి. ఊపిరితిత్తులు ముదరవు, మెదడులో రక్తస్రావం భయం, వారాల తరబడి ఎన్‌ఐసియు (పసికందుల ఐసియు). తల్లికి క్యాన్సర్ ఉండగా కడుపులో పెరిగిన 129 మంది పిల్లలను, ఆరోగ్యవంతులైన తల్లుల పిల్లలు 129 మందితో పోల్చిన అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మొదటివాళ్లలో 96 మందికి కడుపులోనే కీమో తగిలింది. రెండేళ్లకు కాస్త అటూ ఇటూ వయసులో పరీక్షిస్తే తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తేడా తెచ్చింది ఎన్ని వారాలకు పుట్టారన్నదే, అదీ రెండు గుంపుల్లోనూ. మూడేళ్లప్పుడు గుండె పరీక్ష చేసిన 47 మందికీ బాగానే ఉంది. పెద్దవాళ్లకు ఈ ఒక్క మాట నచ్చజెప్పండి: తల్లి తట్టుకున్నంత వరకు 37 వారాలు నిండనివ్వాలి.

జవాబు 2
పై మాట నిజమే, కానీ "కీమో" అంటే అన్ని మందులూ ఒకటి కాదు. అవయవాలు ఏర్పడే మొదటి మూడు నెలల్లో ఏదీ ఇవ్వరు. 14 వారాలు దాటాక డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇస్తారు. హెర్2 పాజిటివ్ అన్నారు కాబట్టి ఇది గట్టిగా గుర్తుంచుకోండి: హెర్2ను అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్ కాన్పు అయ్యేదాకా వద్దు. అది బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గిస్తుంది, నీరు తగ్గితే ఊపిరితిత్తులు పెరగవు. టామోక్సిఫెన్ (హార్మోన్‌ను అడ్డుకునే మందు), మెథోట్రెక్సేట్ (ఇంకో కీమో మందు), రేడియేషన్ కూడా ఇప్పుడు వద్దు.

మొదటి డోసుకు ముందే టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే స్కాన్) చేయించండి. లేకపోతే ముందునుంచీ ఉన్న లోపాన్ని కూడా తర్వాత మందు మీదకు నెట్టేస్తారు. ఆపైన రెండు మూడు వారాలకోసారి గ్రోత్ స్కాన్, డాప్లర్ (బిడ్డకు రక్తం అందే తీరు చూసే స్కాన్). మూడు వారాలకోసారి ఇచ్చే కీమో 35 వారాలు దాటాక ఆపేయాలి, చివరి డోసుకూ కాన్పుకూ మధ్య మూడు వారాలు ఉండాలి. ఎందుకంటే డోసు పడిన రెండో వారానికి తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అడుగంటుతాయి. ఆ సమయంలో నొప్పులొస్తే తల్లికి రక్తస్రావం, ఇద్దరికీ ఇన్‌ఫెక్షన్ ముప్పు.

జవాబు 3
పుట్టగానే బిడ్డకు పూర్తి రక్త పరీక్ష, బరువు, తర్వాత ఎకో (గుండె స్కాన్). మాయను పారేయకుండా పాథాలజీకి పంపమని ముందే చెప్పి ఉంచండి. క్యాన్సర్ మాయలోకి పాకడం చాలా అరుదు, అయినా చూడాలి. ఎదుగుదల పరీక్షలకు మాత్రం రెండు మూడేళ్లు వదలకుండా తీసుకెళ్లాలి.

కాన్పు తర్వాత కీమో, ట్రాస్టుజుమాబ్ కొనసాగుతాయి కాబట్టి తల్లిపాలు పట్టకూడదు, మందు పాలలోకి వస్తుంది. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పాల బ్యాంకు లాంటివి ఉన్నాయి. అయితే ఆ పాలు ముందు నెలలు నిండని పిల్లలకే ఇస్తారు, ఫార్ములా పాలకు సిద్ధంగా ఉండండి. పాలు పట్టలేదని ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట అననివ్వకండి.

జవాబు 4
వంశపారంపర్యం గురించి ఎవరూ చెప్పలేదు. హెర్2 అనేది ఆ గడ్డ లక్షణం, బిడ్డకు రాదు. జన్యులోపం ఉంటే అది వేరే సంగతి. అందుకే ముందు తల్లికి రక్తంతో జన్యు పరీక్ష చేయించండి. బీఆర్‌సీఏ (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువు) లోపం తేలితే అమ్మాయైనా అబ్బాయైనా బిడ్డకు వచ్చే అవకాశం సగం. కానీ దాని క్యాన్సర్లు పెద్దయ్యాకే వస్తాయి కనుక 18 నిండేదాకా బిడ్డకు పరీక్ష చేయరు.

ఆ పరీక్షలో చూసే జన్యువుల జాబితాలో (ప్యానెల్) టీపీ53 అనే జన్యువు ఉందో లేదో మాత్రం తప్పక అడగండి. చిన్న వయసులో హెర్2 పాజిటివ్ వచ్చినవాళ్లలో దీన్ని వెతకాలి. ఈ లోపం ఉన్న బిడ్డకు పసితనంలోనే అడ్రినల్ గ్రంథి, మెదడు, కండరాల క్యాన్సర్లు రావచ్చు. కాబట్టి దీనికి 18 ఏళ్లు ఆగరు. తల్లికి ఈ లోపం ఉంటే బిడ్డకు పుట్టిన వెంటనే పరీక్ష, ఉందని తేలితే మూడు నాలుగు నెలలకోసారి కడుపు స్కాన్ మొదలుపెడతారు.